అక్క మాత్ర చెల్లెలికి

పోయినవారం మిమ్మల్ని కళ్ళజోళ్ళ దుకాణం వెనక గదిలో, నోట మాట రాని స్థితిలో నిలబెట్టి వచ్చాను. ఇంకా నిలబడే ఉన్నారా? అయ్యో, అద్దాలు అరగదీసే మిషను పక్కన స్టూలు ఉంటుంది, కూర్చోండి. కొత్తగా వచ్చినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు వెళ్తాను.

ఈ దుకాణం మా బావగారిది, అంటే మా ఆయన అన్నగారిది. ఆయనకి కవల ఆడపిల్లలు. పుట్టినప్పుడు ఎవరు ఎవరో తెలియక ఇద్దర్నీ బుజ్జి అన్నాం. పెరిగాక కూడా తెలియకపోవడంతో ముందు పుట్టినదాన్ని పెద్దబుజ్జి, వెనక పుట్టినదాన్ని చిన్నబుజ్జి చేశాం. ముఖం ఒకటే, గొంతు ఒకటే, ఆఖరికి కళ్ళజోడు నంబరు కూడా ఒకటే. ఒకరి జోడు ఒకరు పెట్టుకుని రోజంతా పనిచేసినా ఇద్దరికీ తేడా తెలియదు. తేడా ఒక్కచోటే వచ్చింది. కొన్నేళ్ళ కిందట పెద్దబుజ్జికి డిప్రెషన్ వచ్చింది, చిన్నబుజ్జికి రాలేదు. రాలేదు గానీ, రావలసిన బస్సు కోసం కాచుకున్నట్టు అది అప్పట్నుంచీ కాచుకునే ఉంది. చివరికి ఆగలేక, ఉమ్ము పంపిస్తే జన్యువులు చూసి చెప్పే ఒక కంపెనీకి డబ్బాలో ఉమ్మి పంపింది. ఫోనులో జవాబు వచ్చింది: డిప్రెషన్ వచ్చే అవకాశం సగటు కన్నా ఎక్కువ.

ఇక పోయినవారం చివర. పెద్దబుజ్జి తన మాత్రలు ఒక కళ్ళజోడు పెట్టెలో పెట్టి, వెనక గది సొరుగులో దాచుకుంటుంది. మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి ఆ పెట్టె చేత్తో పట్టుకుని ఒక బుజ్జి నీళ్ళు తాగుతోంది. "మాత్ర వేసుకున్నావా తల్లీ?" అన్నాను. "ఆఁ, పిన్నీ" అంది. ఆ మాట దాని నోట్లో ఉండగానే వీధి తలుపు గంట మోగింది. మందుల షాపు నుంచి అసలు పెద్దబుజ్జి లోపలికి వచ్చింది.

అక్కడ ఆగాం కదా. పదండి.

పెద్దబుజ్జి గుమ్మంలో నిలబడి చెల్లెల్ని చూసింది, చెల్లెలి చేతిలో పెట్టెని చూసింది, నీళ్ళ గ్లాసుని చూసింది. మనమైతే ఏం చేసేవాళ్ళం? నేనైతే ముందు అరిచి, తర్వాత విషయం కనుక్కునేదాన్ని. మా ఇంట్లో అదే పద్ధతి.

"ఏం చేస్తున్నావే?" అంది మెల్లిగా.

"తలనొప్పిగా ఉంటే..."

"తలనొప్పి మాత్ర ముందు గది కౌంటర్లో ఉంటుంది. అక్కడ పెట్టింది నువ్వే."

చిన్నబుజ్జి కళ్ళజోడు తీసి దాని కాడ కొరకడం మొదలుపెట్టింది. దేవుడు ఆ ఇద్దర్నీ గుర్తుపట్టడానికి మాకు ఇచ్చిన ఆధారం చిన్నదానికున్న ఈ అలవాటొక్కటే. ఆ కాడ ఇంకాస్త ముందు కొరికి ఉంటే నేను "తల్లీ" అని మోసపోయేదాన్ని కాదు.

"నీ మాత్రే వేసుకున్నా" అంది.

పెద్దబుజ్జి స్టూలు మీద కూలబడింది. రెండు చేతులతో ముఖం కప్పుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకుని నేను దగ్గరికి పరుగెత్తాను. చేతులు తీసి చూస్తే నవ్వుతోంది. నవ్వుతూ ఏడుస్తోందనాలి, కన్నీళ్ళకి కూడా చోటు ఇచ్చింది.

"అమ్మయ్య" అంది. "అయితే నేను కాదన్నమాట."

"ఏంటి నువ్వు కాదు?" అన్నాను.

"మాత్రలు ముందే అయిపోతున్నాయి పిన్నీ. ఎక్కడ పోతున్నాయో అర్థం కాలేదు. నేనే ఒకటి వేసుకుని, ఆ సంగతి మర్చిపోయి, ఇంకోటి వేసుకుంటున్నానేమో అనుకున్నా. బుర్ర మళ్ళీ జారుతోందని భయపడ్డా. వేసుకున్న వెంటనే అరచేతిలో గీత గీసుకుంటున్నా, ఇదిగో." చెయ్యి చాపింది. నీలం సిరాతో చిన్న గీత. అద్దం మీద కంటిపాప చోటు గుర్తు పెట్టే సిరా అంటుకుందని నేను ఎన్నోసార్లు అనుకుని వదిలేసిన గీత.

ఇంట్లో సొమ్ము పోతే ఎవరైనా దొంగని వెతుకుతారు. ఈ పిల్ల తనని తాను వెతుక్కుంది. సొరుగు ముందు నిలబడి, చెల్లెలి మీదకి ఒక్కసారి కూడా మనసు పోనివ్వకుండా, రోజూ తన మీద తానే కాపలా కాసింది. చిన్నబుజ్జి ఆ గీత చూసి కాడ కొరకడం మానేసింది.

"అక్కా, నువ్వలా అనుకుంటావని..."

"ఆగు. దొంగవి నువ్వు, ఏడుపు నేనే ఏడుస్తా. ఎందుకు వేసుకున్నావు, అది చెప్పు."

చిన్నబుజ్జి ఫోను తీసి చూపించింది. పెద్దబుజ్జి కళ్ళజోడు పైకి తోసి చదువుతుండగా వీధి తలుపు గంట మళ్ళీ మోగింది. "ఎవరమ్మా లోపల? ఈ జోడు సంగతి ఇవాళ తేలిపోవాలి!" అని ఒక గొంతు.

రిటైరైన లెక్కల మాస్టారు. బావగారు భోజనానికి ఇంటికి వెళ్ళిన సమయం చూసుకుని వస్తాడాయన. ఆయనతో వాదించే ఓపిక బావగారికి లేదని ఆయనకి తెలుసు.

పెద్దబుజ్జి ఫోను నా చేతిలో పెట్టి, కళ్ళు తుడుచుకుని, ముందు గదిలోకి వెళ్ళింది. తెర సందులోంచి నేను చూస్తూనే ఉన్నాను.

"ఏమైంది మాస్టారూ?"

"ఇంకేం కావాలి? ఈ కొత్త అద్దాలు పెట్టుకున్నప్పట్నుంచీ మా ఆవిడ ముసలిదైపోయింది."

"అద్దాల తప్పు కాదండీ. పాత జోడు ఇన్నాళ్ళూ మీకు అబద్ధం చెప్పింది."

"అయితే ఆ పాతదే ఇచ్చెయ్యి."

"ఇస్తాను. మరి ఆవిడ అద్దాలు కూడా పాతవేనా? మిమ్మల్ని చూసి ఏమంటున్నారు?"

మాస్టారు నవ్వాపుకోలేకపోయాడు. ఆ పిల్ల ఆయన ముక్కు మీద జోడు పెట్టి, ఒక అడుగు వెనక్కి వేసి, తల ఒంచి చూసింది. ఎడమ చెవి దగ్గర కాడ కాస్త ఎత్తుగా ఉంది. వేడి గాలి పెట్టి మెత్తబరిచి, బొటనవేలితో అణిచి, చల్లారేదాకా పట్టుకుంది. ముక్కు మీద ఆనే బిళ్ళలు రెండూ సన్న పట్టకారుతో వెంట్రుకవాసి దగ్గరికి జరిపింది. మళ్ళీ పెట్టింది. ఒక్క వేలు వణకలేదు. చెల్లెలు తన మందు తింటోందని అప్పుడే తెలిసిన మనిషి వేళ్ళు అవి.

పరుగు పందెంలో గెలిచినవాళ్ళకి దండ వేస్తారు. పొద్దున్నే కప్పుకున్న దుప్పటి తీసి పక్కన పెట్టి, పళ్ళు తోముకుని, తల దువ్వుకుని పనికి వచ్చినవాళ్ళకి ఎవరూ వెయ్యరు. ఆ దుప్పటి బరువు ఎంతో ఆ రోజుల్లో నేను దగ్గరుండి చూశాను. అందుకే ఆ పిల్ల ఒక కాడ వంచి చల్లారబెట్టడం చూసినా నాకు లేచి నిలబడాలనిపిస్తుంది. మొక్కజొన్న కంకి కాల్చినంత తేలిగ్గా చేస్తుంది, అదీ నా కడుపుమంట.

మాస్టారు సరిపోయిన జోడుతో, సరిపోని మనసుతో వెళ్ళిపోయాడు. పెద్దబుజ్జి తెర తోసుకుని వచ్చి, ఎక్కడ వదిలిందో అక్కడే పట్టుకుంది.

"ఊఁ. సగటు కన్నా ఎక్కువ. అయితే?"

"అయితే ఏంటి అక్కా? వస్తుందని రాశారుగా."

"వస్తుందని ఎక్కడ రాశారు? అవకాశం ఎక్కువని రాశారు. మబ్బు పడితే వాన కురిసిందంటావా నువ్వు?"

"మనిద్దరం ఒకటే కదా. నీకొచ్చింది, నాకూ వస్తుంది. వచ్చాక మంచాన పడి అందర్నీ ఏడిపించే బదులు ముందే మందు వేసుకుంటే పోలా అనుకున్నా. జ్వరమొస్తే ఇద్దరికీ ఒకటే మాత్ర ఇచ్చేది అమ్మ. నంబరు ఒకటే, అద్దం ఒకటే. మాత్ర మాత్రం వేరెందుకుంటుంది?"

వాదన బాగానే ఉందని నాకు ఒక్క క్షణం అనిపించింది కూడా. చదువుకున్న పిల్ల, ఈ తప్పు చేసిందేమిటని మీరు అనుకోవచ్చు. ఒకే అచ్చులో పోసిన కవలలు తప్ప ఈ తప్పు ఇంకెవరూ చెయ్యలేరు. అద్దంలో చూసుకున్నట్టు పక్కమనిషి ముఖంలో తన ముఖం చూసుకుంటూ పెరిగినవాళ్ళకే వస్తుంది ఈ ఆలోచన.

"సరే" అంది పెద్దబుజ్జి. "కౌంటర్లో నిలబడేదానివి కదా, చెప్పు. నంబరు లేని కళ్ళకి ముందు జాగ్రత్త అని పవరు అద్దం పెడితే ఏమవుతుంది?"

చిన్నబుజ్జి నేల చూసింది. "కళ్ళు తిరుగుతాయి."

"తిరుగుతున్నాయా?"

"...ఊఁ. వాంతి వచ్చేట్టు ఉంటోంది. నిద్ర పట్టట్లేదు."

"నాకూ మొదట్లో అలాగే ఉండేది. కానీ నన్ను డాక్టరమ్మ చూస్తూ ఉండేది, రమ్మనేది, ఎలా ఉందని అడిగేది. నిన్నెవరు చూశారే? ఈ సొరుగా?"

పెద్దబుజ్జి ఫోను మళ్ళీ తీసుకుంది.

"ఇంకో మాట. ఇది నీ ఫలితం అనుకుంటున్నావా? నేను ఉమ్మి పంపినా ఇదే వచ్చేది. అక్షరం మారదు. ఇద్దరికీ ఇదే జాతకం. ఇదే జాతకం పట్టుకుని నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను, నువ్వు నా పక్కన కూర్చుని అన్నం కలిపి పెట్టావు. మరి ఆ తేడా ఇందులో ఎక్కడుందో వెతికి చూపించు."

చిన్నబుజ్జి నిజంగానే ఫోను వైపు చూసింది. వెతకమంటే వెతికే రకం అది.

"లేదు కదా? డాక్టరమ్మని నేనూ అడిగాను. ఒక్క జన్యువు చేసే పని కాదమ్మా ఇది, వేల జన్యువులు తలో పిడికెడు వేస్తాయి, అవన్నీ కలిపినా సగం కూడా తూగవు, మిగతాది బతుకు వేస్తుంది అంది. కవలల్లో ఒకరికొస్తే రెండోవాళ్ళకి ముప్పు మామూలు కన్నా ఎక్కువే, అయినా చాలామందికి రానే రాదు అంది. నాకే ఎందుకొచ్చిందంటే, తెలీదమ్మా అంది. తెలీదని చెప్పే డాక్టరు దొరకడం నా అదృష్టం."

ఇక్కడ నేను మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. మా అత్తవారి వంశంలో కళ్ళజోడు గొప్ప ఆస్తి. ఏ పిల్లకి జోడు వచ్చినా "తాతగారి కళ్ళు వచ్చాయి" అని మురిసిపోతారు. పెద్దబుజ్జికి డిప్రెషన్ అని డాక్టరమ్మ చెప్పిన రోజున మాత్రం బావగారు "మా వైపు ఇలాంటివి లేవు" అన్నారు. అంతే అన్నారు. ఆ ఒక్క మాటతో మా అక్కయ్య, అంటే బావగారి భార్య, పుట్టింటివాళ్ళు ఏడు తరాలూ ముద్దాయిలై బోనెక్కారు. అక్కయ్య అప్పట్నుంచీ ఆ ముల్లు మింగి తిరుగుతోంది. కూతురి తల దువ్వుతూ "నా కడుపున పుట్టబట్టే కదా తల్లీ" అనడం నా చెవులతో విన్నాను. కళ్ళు వస్తే మావి, కన్నీళ్ళు వస్తే మీవి. పంపకాలు బాగున్నాయి.

సరే, వెనక గదికి వద్దాం.

"నీకు చెప్పడం తేలిక" అంది చిన్నబుజ్జి. ఉన్నట్టుండి గొంతు లేచింది. "నీకు రావలసింది వచ్చేసింది. నాకు రోజూ నిన్ను చూస్తే రేపటి నేనే కనిపిస్తా. నువ్వు ఒక పూట మాట్లాడకపోతే నా గుండె జారుతుంది, నీ కోసం కాదు, నా కోసం. పొద్దున్నే లేచి ముందు నీ ముఖం చూసి, తర్వాత అద్దంలో నా ముఖం చూసుకుంటా."

నేను సొరుగు మూసి, మళ్ళీ తెరిచి, మళ్ళీ మూశాను. ఇలాంటప్పుడు చేతులకి పని కావాలి.

పెద్దబుజ్జి ముఖం పాలిపోయింది. "అంటే నన్ను చూస్తే నీకు జబ్బు కనిపిస్తుందన్నమాట."

"అది కాదక్కా..."

"అదే. చెప్పావుగా, మంచిదే. చెప్పకుండా మాత్రలు మింగడం కన్నా నయం." కళ్ళజోడు సరిచేసుకుంది. "నా ముఖంలో నీ రేపు చూసుకో, కాదనను. కానీ చూసేదేదో పూర్తిగా చూడు. పడినదాన్ని చూశావు, లేచినదాన్ని చూడలేదా? ఇప్పుడు మాస్టారి కాడ వంచింది ఎవరు? నీ రేపు అంటే మంచమేనా? ఈ దుకాణం కాదా, ఈ చెయ్యి కాదా, ఆయన్ని నవ్వించిన నోరు కాదా?"

చిన్నబుజ్జి గోడకి ఆనుకుని జారి కింద కూర్చుంది. పెద్దబుజ్జి కూడా వెళ్ళి పక్కన కూర్చుంది. ఇద్దరూ ఒకేలా మోకాళ్ళు ముడుచుకున్నారు. ఇప్పుడు కాడ ఎవరూ కొరకడం లేదు, ఎవరు ఎవరో నాకు మళ్ళీ తెలియలేదు. మాటలు వింటేనే తెలిసింది.

"ఆ కాలేజీకి రానని రాసేశావా?" అంది పెద్దబుజ్జి. చిన్నబుజ్జికి వేరే ఊళ్ళో కంటి పరీక్షల పెద్ద చదువుకి సీటొచ్చింది. తోడు లేని ఊళ్ళో జబ్బొస్తే ఎలా అని అది వెనకాడుతోందని మాకు తెలుసు. వద్దనే జవాబు రాసిపెట్టుకుందని మాత్రం పెద్దబుజ్జి ఒక్కతే పసిగట్టింది.

"రాశా. పంపలేదు."

"చెరిపెయ్యి."

"అక్కడికెళ్ళాక వస్తే?"

"వస్తే నాకు ఫోన్ చెయ్యి. స్నానానికి బద్ధకమేసిన రోజు కాదు, స్నానం ఎందుకు అనిపించిన రోజు చెయ్యి. ఇష్టమైన పాట వస్తుంటే కట్టెయ్యాలనిపించిన రోజు చెయ్యి. ఆ రెండూ నాకు ముందొచ్చాయి. అవేంటో నాకప్పుడు చెప్పేవాళ్ళు లేరే. సోమరితనం అన్నారు, దిష్టి అన్నారు, పెళ్ళి చేస్తే పోతుందన్నారు."

"అన్నది నేను కాదు" అన్నాను వెంటనే.

"నువ్వు కాదులే పిన్నీ, నువ్వు బెల్లం పెట్టి తగ్గిద్దామనుకున్నావు." చెల్లెలి వైపు తిరిగింది. "నాకు చెప్పడానికి ఎవరూ లేరు. నీకు నేనున్నా. వచ్చినా రాకపోయినా నువ్వు నాకన్నా ముందున్నట్టే. ఇది కూడా ఆ ఫలితంలో రాయరు."

నేను మా ఇంట్లో చాలామంది పెద్దవాళ్ళ మాటలు విన్నాను. పది నిమిషాల ముందు పుట్టి సంపాదించుకున్న పెద్దరికాన్ని ఇంత బాగా ఖర్చుపెట్టిన మనిషిని చూడలేదు. చిన్నబుజ్జి ఫోను తీసి, ఆ జవాబు చెరిపేసి, అక్కకి చూపించింది. అక్క దాని తల మీద ఒక్కటి మొట్టింది. అది మాత్రలకి.

"ఇప్పుడు డాక్టరమ్మకి చెప్పాలి" అంది పెద్దబుజ్జి. "నీ అంతట నువ్వు మొదలుపెట్టావు, నీ అంతట నువ్వు ఆపకు. ఎలా ఆపాలో ఆవిడే చెప్పాలి."

ఫోను కలిపి, అందరికీ వినిపించేలా స్టూలు మీద పెట్టింది. విషయం అంతా దాచకుండా చెప్పింది.

"నాకిద్దరి గొంతూ ఒకేలా ఉంది" అన్నారు డాక్టరమ్మ. "ముందు వేసుకోకూడనిది వేసుకున్న అమ్మాయి మాట్లాడమ్మా."

చిన్నబుజ్జి దొంగలా దగ్గరికి జరిగింది. తిట్లు తిన్నది. ఆ తిట్లలో సగం నాక్కూడా తగిలాయి, దగ్గర నిలబడినందుకు. తర్వాత ఆవిడ గొంతు మెత్తబడింది. భయం వేసినవాళ్ళు సొరుగు దగ్గరికి కాదు, తన దగ్గరికి రావాలని, ఆ భయం కూడా చూడదగ్గ జబ్బేనని అన్నారు. సాయంత్రం ఇద్దర్నీ రమ్మన్నారు.

"ఎప్పట్నుంచి వేసుకుంటున్నావు?"

"ఆ ఫలితం వచ్చిన మర్నాటి నుంచండి. పోయిన వారమే."

పెద్దబుజ్జి తలెత్తింది. "నిజం చెప్పవే."

"నిజమే అక్కా."

"నా మాత్రలు తగ్గడం మొదలై చాలా నెలలైంది. డాక్టరుగారూ, పారేసుకున్నానని చెప్పి మీ దగ్గర ముందుగా మళ్ళీ రాయించుకున్నాను, గుర్తుందా? అప్పటికి ఇది ఉమ్మి పంపనే లేదు."

"నీ మీద ఒట్టు. ఈ వారం రోజులు తప్ప నేను ముట్టుకోలేదు."

ఇద్దరూ నా వైపు చూశారు. నా వైపెందుకు చూస్తారు? నేను రక్తపోటు మాత్రే గుర్తు చేస్తే గానీ వేసుకోను. దుకాణం తాళాలు ఉండేది ముగ్గురి దగ్గరే. ఇద్దరు నా ఎదురుగా నేల మీద ఉన్నారు.

తెర కదిలింది. బావగారు. ఫోను గోలలో గంట మోగినట్టే వినలేదు, ఎప్పుడొచ్చారో, ఎంతసేపు విన్నారో తెలియదు. తడి మరక కూడా లేని కళ్ళజోడుని చొక్కా అంచుతో తుడుస్తూ నిలబడ్డారు. జోడు లేని ఆయన ముఖం నేనెప్పుడూ చూడలేదు. ఆ కళ్ళ కింద గుంటలు చూసి నేను కొంగు సర్దుకుని పక్కకి జరిగాను.

"హలో? లైన్లో ఉన్నారా?" అంటున్నారు డాక్టరమ్మ.

"ఉన్నారమ్మా" అన్నారు బావగారు. కూతుళ్ళ వైపు చూడకుండా, ఫోనుతోనే చెప్పారు. "సాయంత్రం ఇద్దరు కాదు. ముగ్గురం వస్తున్నాం. నాకు ఈ జబ్బు పెళ్ళి కాకముందు నుంచే ఉంది."

పెద్దబుజ్జి లేచి నిలబడింది. చిన్నబుజ్జి లేవలేకపోయింది. నేను మాత్రం ఆ ముగ్గురినీ చూడటం లేదు. ఆయన వెనక, తెర అవతల, టీ ఫ్లాస్కు పట్టుకుని మా అక్కయ్య నిలబడి ఉంది. ఆయనకి తెలియదు.